మూడో గడి లేని కాగితం

కారు కొన్న రోజున షోరూమ్ మనిషి ఆమె మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కాగితాలు, పెన్ను, తాళాలు అన్నీ పక్కన కూర్చున్న అన్నయ్య ముందే పెట్టాడు. చెక్కు మాత్రం ఆమెది. ఆరేళ్ళ జీతంలోంచి నోరు కట్టుకుని దాచినది. ఆమె ఉండేది ఆడవాళ్ళ హాస్టల్లో. రిజిస్ట్రేషన్‌కు ఆ చిరునామా చెల్లదన్నారు.

"దానికేముందమ్మాయ్, ప్రస్తుతానికి నా పేరు మీద రాయించేద్దాం. నీకో ఇల్లంటూ ఏర్పడ్డాక మార్చుకోవచ్చు," అన్నాడు అన్నయ్య. అప్పటికే పెన్ను మూత తీసేశాడు. అంతమందిలో అన్న మాట కాదంటే ఏం బాగుంటుందని ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడం తొమ్మిదేళ్ళు నడిచింది.

తమాషా ఏమిటంటే, ఆ అన్నయ్యకు డ్రైవింగ్ రాదు. స్టీరింగ్ పట్టుకుంటే చేతులకు చెమటలు పడతాయి.

ఆమె పని ఒక డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పడం. అందరూ క్లచ్చక్క అనేవాళ్ళు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళకు నిద్రలో కూడా వినిపించేది ఒకటే కేక: "క్లచ్చు! తల్లీ, క్లచ్చు!" కారు కొన్న వారానికే తను కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు పెట్టించుకుంది. తొమ్మిదేళ్ళలో ఆ బ్రేకు మీద రబ్బరు మూడుసార్లు అరిగిపోయింది. ఎన్ని గోడలు, ఎన్ని కుక్కలు, ఎందరు సైకిళ్ళ వాళ్ళు దాని పుణ్యమా అని బతికి బట్టకట్టారో లెక్క లేదు.

ఏడాదికోసారి ఆమె పేరు మార్పు సంగతి ఎత్తేది. "మారుద్దాంలేవే. బండి నీ దగ్గరే ఉందిగా, నేనేమైనా ఎత్తుకుపోయానా?" అని అన్నయ్య నవ్వేసేవాడు. వదినయితే వచ్చేపోయే చుట్టాలతో, "మా ఆయనకు చెల్లెలంటే ప్రాణం. కారు కొని వాడుకోమని ఇచ్చారు," అని చెప్పేది. ఆ మాట తిరిగి తిరిగి ఆమె చెవిన పడేది. ఒక్క మాట అడగబోయి, ఇంటికి వెళ్తే మొహాలు చూసుకోవాలి కదా అని మింగేసేది. మంచివాళ్ళ చేత మింగించడం కన్నా తేలికైన పని లోకంలో ఇంకొకటి లేదు.

తొమ్మిదో ఏట డ్రైవింగ్ స్కూలు మూతపడింది. యజమాని స్థలం అమ్ముకుని చక్కా పోయాడు. ఏం చెయ్యాలో దిక్కు తోచక కూర్చున్న రోజుల్లో, ఒకప్పుడు ఆమె దగ్గర నేర్చుకున్న నర్సు పక్క రాష్ట్రం నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, మా ఆసుపత్రి ఊరికి ఆమడ దూరంలో ఉంది. డ్యూటీ దిగాక బస్సుండదు. పద్నాలుగు మందిమి నేర్చుకోడానికి కూర్చున్నాం. నువ్వు వస్తావా, మమ్మల్ని ఇలాగే నడిపిస్తావా?"

పరుపు చుట్టి, గ్యాస్ పొయ్యి వెనక సీట్లో పడేసి, రెండు రోజులు నడుపుకుంటూ వెళ్ళింది. దర్జీ కొట్టు మీద ఒక గది దొరికింది. కిందనుంచి కుట్టు మిషన్ చప్పుడు, పైన ఆమె ఆశలు. రవాణా ఆఫీసుకు వెళ్తే ఆ ఆశల మీద చన్నీళ్ళు పోశారు. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి. అది నేర్పేవాళ్ళ సొంత పేరు మీద ఉంటేనే నేర్పడానికి పర్మిట్ ఇస్తారు. నెలాఖరు దాటితే మళ్ళీ ఏడాదికే.

అన్నయ్యకు ఫోన్ చేసింది. "చూద్దాం," అన్నాడు. మూడు వారాలు ఉలుకూ లేదు, పలుకూ లేదు. నర్సులు రోజూ అడుగుతున్నారు. సరిగ్గా ఆఖరి రోజు పొద్దున్న అన్నయ్య రైలు దిగాడు. సొంత ఊరి రవాణా ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న కాగితం తెచ్చాడు, ఫారాలన్నీ గుండ్రటి అక్షరాలతో నింపి తెచ్చాడు. ఆమెకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఎంతైనా అన్నయ్యే అనుకుంది. బానెట్ ఎత్తి, ఫారానికి అచ్చు అతికించాలి కాబట్టి ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దింది. అంకెలు ఒక్కొక్కటీ తెల్లగా తేలాయి. ఒక్క అంకె తేడా లేదు.

రవాణా ఆఫీసు కౌంటర్ దగ్గర గుమాస్తా ఫారం తిప్పి చూశాడు. "బహుమతి. అన్న నుంచి చెల్లెలికి. అంతేనా?"

ఆమె కాగితం లాక్కుని చూసింది. బహుమతి అనే గడిలో నల్లటి టిక్కు ఉంది.

"ఇదేంటన్నయ్యా?"

"తోబుట్టువుకిస్తే పన్నుండదే. నీకే లాభం."

"నాకు నువ్విచ్చావా?"

"మరి అమ్మానా?"

ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "బాబూ, డబ్బు కట్టింది నేను. మొదట్నుంచీ నాదే. అలా రాయడానికి లేదా?"

"రెండే గళ్ళమ్మా. కొన్నది, బహుమతి. మొదట్నుంచీ నాదే అనేదానికి గడి లేదు. కాదంటే కోర్టుకెళ్ళండి. పర్మిట్ కిటికీ మాత్రం నాలుగింటికి మూసేస్తారు."

"అయితే కొన్నదని కొట్టండి. పన్ను కడతాను."

"డబ్బు ముట్టిందని ఆయన సంతకం పెట్టాలి మరి."

అన్నయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "పుచ్చుకోని డబ్బు పుచ్చుకున్నానని రాయనా? అబద్ధం సంతకం నావల్ల కాదు. చెల్లెలి దగ్గర డబ్బు గుంజాడని నలుగురూ మొహాన ఉమ్మెయ్యరూ?"

"బండి నా డబ్బుతో కొన్నదని ఆ నలుగురికీ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారే నన్ను?"

అతని మొహంలో దొంగతనం ఏమీ లేదు. తొమ్మిదేళ్ళుగా వదిన మాట వినీ వినీ తనూ నమ్మేసినట్టున్నాడు. తిట్టిపోయడానికి కూడా ఎదురుగా తప్పు చేసినవాడంటూ ఒకడు ఉండాలి కదా!

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. చేతిలో ఫోన్ మోగింది. నర్సే. ఎత్తలేదు.

"మీ చేత్తో ఒక ముక్క రాయాలమ్మా," అని గుమాస్తా తెల్లకాగితం తోశాడు. అలవాటుగా, ఎటో చూస్తూ చెప్పుకుపోయాడు. "ఈ వాహనమును మా అన్నగారు నాయందలి ప్రేమతో ఇవ్వగా, ఏ ప్రతిఫలమూ చెల్లించకుండా పొందితిని."

'ప్రేమతో' దాకా రాసింది. 'ఏ ప్రతిఫలమూ' దగ్గర చెయ్యి ఆగింది. వెనక వరుసలో ఎవరో దగ్గారు. మిగతాది రాసి, సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి ఇచ్చింది. నాలుగింటికి ఐదు నిమిషాల ముందు పర్మిట్ చేతికొచ్చింది.

బయట ఎండ ఇంకా చురుక్కుమంటోంది. అన్నయ్య సంచి భుజాన వేసుకుని, ఏమీ జరగనట్టే కారు తలుపు మీద చెయ్యి వేశాడు. "పనైపోయిందిగా, ఇంకా ఆ మొహమేంటి? పద, నన్ను స్టేషన్లో దింపెయ్."

వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడడం అదే ఆఖరుసారి. ఆమె కారెక్కి, అతని వైపు తలుపు లోపల్నుంచి గడియ వేసి, అద్దం కాస్త దించింది.

"ఇచ్చేసిన బండి మళ్ళీ అడక్కూడదన్నయ్యా. బస్సు ఆ మలుపు దగ్గర ఆగుతుంది."