అత్తగారి స్టేషనులో తెల్లదుప్పట్లు

మా బావకి లాండ్రీ ఉంది. పగలంతా ఊళ్లోవాళ్ల చొక్కాలకు ఇస్త్రీ చేసి, షట్టరు దించగానే కంప్యూటర్ ముందు కూర్చుని రైలుపట్టాలు వేస్తాడు. ట్రైన్ సిమ్యులేటర్ అంటారు దాన్ని. అందులో రైలు నడపడమే కాదు, ఓపికుంటే స్టేషన్లూ వంతెనలూ చెట్లూ చేమలూ మనమే పెట్టుకోవచ్చు. కాలరు మీద కనపడని ముడత కోసం చొక్కాని మళ్లీ తడిపే మనిషికి ఓపికకేం కరువు?

ఈమధ్య ఆయన కడుతున్నది మా అమ్మ పెరిగిన స్టేషను. మా తాతయ్య బొగ్గింజను డ్రైవరు. ఆ స్టేషనూ, పక్కనున్న క్వార్టర్సూ ఎప్పుడో కూల్చేశారు. మిగిలింది ఒక్క ఫొటో. అందులోనూ సగం తాతయ్య పొట్టే. మిగతాదంతా అమ్మ మాటల్లోంచి ఏరుకున్నాడు బావ.

ఆయన పట్టుదలకి కారణం ఉంది. అక్కతో పెళ్లయిన ఇన్నేళ్లలో అమ్మ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. మెచ్చుకోనూ లేదు. ఏం చూపించినా “పరవాలేదు” అంటుంది. ఆ మాట ఆయనకి గంజి ఎక్కువైన కాలరులా మెడ దగ్గర ఒరుసుకునేది.

“ఇది చూసి ‘మా స్టేషనే’ అనాలిరా అత్తయ్య. అంతకంటే ఏం వద్దు,” అన్నాడు నాతో.

నా వంతు సాయం నేనూ చేశాను. ఆగివున్న ఇంజను బుస కోసం లాండ్రీలోని స్టీమ్ ప్రెస్ చప్పుడు రికార్డు చేస్తుంటే, ఫోను పట్టుకుంది నేనే. సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చింది. ఆ సంగతి బావకి చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం అమ్మని తెర ముందు కూర్చోబెట్టాం. అక్క అందరికీ కాఫీ ఇచ్చింది. తెర మీద తెల్లవారింది. ఇంజను వచ్చి ఆగింది, బుస్సుమంది, వెంటనే తుమ్మింది.

“ఇంజనుకి జలుబు చేసిందా అల్లుడుగారూ?” అంది అమ్మ.

“ఈ తుమ్ము మనింట్లోదే,” అంటూ అక్క నావైపు తిరిగింది. నేను సీలింగు ఫ్యానుని శ్రద్ధగా పరిశీలించాను.

అమ్మ ముందుకు వంగింది. “ఈ ఇల్లెవరిది?”

“మీదే అత్తయ్యగారూ!”

ఇంటి ముందు, పట్టాలకి పక్కనే, దండెం మీద తెల్లదుప్పట్లు గాలికి ఊగుతున్నాయి. వాటిని అలా ఊగించడానికి బావ ఎన్ని సెలవు రోజులు ధారపోశాడో అక్కకి తెలుసు.

అమ్మకి నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ, “బొగ్గింజను పోయేచోట తెల్లబట్టలా! బండి దాటేసరికి మసిగుడ్డలైపోవూ? మేం పెరట్లో ఆరేసుకునేవాళ్లం. లాండ్రీ నడిపే మనిషికి నేను చెప్పాలా అల్లుడుగారూ?” అంది.

బావ మొహం పిండేసిన గుడ్డలా అయింది. “తీసేస్తానండీ,” అని మౌస్ అందుకున్నాడు.

“ఉండండుండండి. ఒకటుంచండి. మా అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో తెలీక అచ్చం అక్కడే ఆరేసిందట. బతికున్నన్నాళ్లూ నాన్న ఆ దుప్పటి గురించి దెప్పుతూనే ఉన్నాడు. కాకపోతే అది ఇంత తెల్లగా ఉండకూడదు.”

బావ మిగతావి పెరట్లోకి మార్చి, మిగిలిన ఒక్కదానికి మసి పులిమాడు. పక్కన అమ్మ, “ఇంకాస్త... ఆ అంచు దగ్గర ఇంకాస్త,” అంటోంది. ఇన్నాళ్లూ మరకలు వదిలించి బతికిన మనిషి, నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని మరీ మరకలు పెట్టాడు.

“ఊఁ, ఇప్పుడు బండి కదపండి,” అంది అమ్మ.

కూత వేసి, నల్లగా పొగ చిమ్ముతూ ఇంజను సరాసరి మా మీదికే వచ్చింది. అమ్మ చటుక్కున కాఫీ గ్లాసుని అరచేత్తో మూసింది.

“ఎలా ఉందమ్మా?” అని అడగబోయాను. బావ నా కాలు తొక్కాడు.

ఆఖరి పెట్టె కూడా దాటిపోయాకే అమ్మ చెయ్యి తీసి, కాఫీ తాగింది.