బీరువాలో చెక్కస్కేలు

దెయ్యాల కబుర్లంటే నాకు నవ్వు. లెక్కల మాస్టారిని కదా, ఎవరైనా అలాంటివి మొదలెడితే రుజువు చూపించమని నోరు మూయించేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మాది కొవ్వూరు. చర్చిలో బైబిలు కంఠత వాక్యాల పోటీ పెడితే మొదటి బహుమతి మా అమ్మాయి షారోన్‌దే. పదేళ్లది. నిరుడు ఉన్నట్టుండి ఇంట్లో కుటుంబ ప్రార్థనప్పుడు వాక్యం చెప్పడం మానేసింది. ఆడుకోవడం మానేసింది. అన్నం కూడా సరిగ్గా తినేది కాదు. పొగరనుకున్నాను. రోజూ ప్రార్థన కాగానే చెక్కస్కేలుతో అరచేతులు వాచేలా కొట్టేవాణ్ణి. ఆమెన్ అన్న నోటితోనే తిట్టేవాణ్ణి.

ఒకరోజు అది తిరగబడింది. టిఫిన్ క్యారియర్ విసిరి టీవీ పగలగొట్టింది. ఆపబోయిన వాళ్లమ్మ ముంజేతిని రక్తం కారేలా కొరికింది. పై కోరపన్ను ఊడి ఉండటంతో గాటు మధ్యలో ఒక ఖాళీ. దురాత్మ పట్టిందన్నారు చుట్టుపక్కల వాళ్లు. నేను వాళ్ల మీద మండిపడి, పిల్లను రాజమండ్రిలో ఒక మానసిక వైద్యురాలి ఆసుపత్రిలో చేర్పించాను.

"పిల్లల్లో డిప్రెషన్ ఏడుపుగానే రాదు మాస్టారూ, కోపంగానూ వస్తుంది," అన్నారావిడ. "ఇంట్లో ఎవరైనా కొడతారాండి?"

"అబ్బే, లేదండి," అన్నాను. స్కేలు అప్పటికే ఇంట్లో బీరువాలో దాచి తాళం వేశాను. దానికి ఉన్నది ఒకటే తాళంచెవి, అది నా జేబులోనే ఉంది.

నాలుగో రోజు పొద్దున షారోన్ నర్సును కడుపులో తన్నింది, సెలైన్ స్టాండు ఎత్తి కిటికీ అద్దం బద్దలు కొట్టింది. ఇంజెక్షన్ ఇస్తే నిద్రపోయింది. నేను మంచం పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఇంటి నుంచి నా భార్య సునీత ఫోన్ చేసింది.

"ఏవండీ, బీరువా లోపల్నుంచి ఎవరో బాదుతున్నారండీ! తలుపులు ఊడొచ్చేలా ఉన్నాయి!"

ఆ చప్పుడు ఫోన్లో నేనూ విన్నాను. రేకు మీద దెబ్బ మీద దెబ్బ. ఇక్కడ పిల్ల కదలను కూడా లేదు. నర్సు రాసిన చార్టులోనూ పన్నెండు నుంచి రెండు దాకా నిద్ర అనే ఉంది.

గోదావరి వంతెన దాటి ఇంటికి వెళ్లి బీరువా తాళం తీశాను. తలుపుకి లోపలి నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఆరు సొట్టలు. స్కేలు రెండు ముక్కలై ఉంది. ఎలుక పనే అనుకుందామని వెలుతురులో పెట్టి చూశాను. పళ్ల గాట్లు, మధ్యలో ఒక ఖాళీ.

ఆ సాయంత్రమే డాక్టరుగారికి రెండూ చెప్పేశాను. నేను కొట్టిన సంగతి రాసుకున్నారు. బీరువా సంగతి రాసుకోలేదు. దానికి లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

నెల తర్వాత షారోన్ ఇంటికొచ్చింది. ఆ సొట్టలు తడిమి చూసి, "ఎవరు కొట్టారు డాడీ?" అంది.

"దీన్ని ఎవరు కొట్టారో నాకు తెలీదమ్మా. నిన్ను కొట్టింది మాత్రం నేనే. తప్పు చేశాను," అన్నాను.

అది రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.