వాడంతటికీ ఆయన నంబరే

మా పక్కింటాయన సోమవారం పొద్దున పోయాడు. ‘వార్డు నాయకుడు కన్నుమూత’ అని పార్టీ గ్రూపులో పెట్టారు. బతికుండగా కార్యకర్త అనే అన్నారు. నాయకుడు కావడానికి చావాల్సి వచ్చింది.

మెట్‌పల్లిలో మా వాడకు ఓటరు చీటీలు పంచేది ఆయనే. తలుపు సందులో దోపి పోయే రకం కాదు. కూర్చుని మంచినీళ్లు తాగి, ఎవరి మోకాళ్లు ఎట్లున్నాయో, దుబాయి నుంచి ఎవరు ఫోన్ చేశారో కనుక్కుని లేచేవాడు.

“గీసారి టికెట్ నాకే, టీచరమ్మా. పెద్దసారు మాటిచ్చిండు.”

“గా సారు మా బడికి గోడ కట్టిస్తనన్నడు. నేను రిటైరైన. గోడ రాలే.”

పార్టీలో రెండు వర్గాలు కొట్లాడుకున్నాయి. నామినేషన్ల ఆఖరి రోజు టికెట్ ఖాయం చేసే బీ-ఫారం, ఆ పొద్దున్నే కండువా మార్చిన కాంట్రాక్టరుకు దక్కింది. మర్నాడు మా పక్కింటాయన ఆ కాంట్రాక్టరు కరపత్రాలతోనే మా ఇంటికొచ్చాడు.

“సిగ్గు లేదా నీకు?” అన్నాను.

“నేను అలిగి ఇంట్ల కూసుంటె, వాడోళ్ల దరఖాస్తులు ఎవరు చూస్తరు?”

నోరున్న దాన్ని, ఒక కరపత్రం తీసుకున్నాను.

ఇళ్ల కోసం, పింఛన్ల కోసం వార్డు సభలో ఇచ్చిన దరఖాస్తులవి. బీడీలు చుట్టేవాళ్లు, మరమగ్గాల వాళ్లు ఫోన్ నంబరు గడి దగ్గర ఆగిపోయారు. కొందరికి ఫోనే లేదు, కొందరి సిమ్ము నెలకోసారి మారుతుంది. “నాది రాయుండ్రి, ఫోనొస్తె నేను చెప్త గద” అన్నాడాయన. రాసింది నేను. అందమైన చేతిరాతతో, అందరి కాగితాల మీదా ఆ ఒక్క నంబరే.

విచారణకు ఆఫీసు నుంచి మూడుసార్లు చేసినా ఫోన్ ఎత్తకపోతే దరఖాస్తు పక్కన పెడతారట. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పాడె కట్టినప్పుడు అది మోగుతూనే ఉంది. ఎవరెవరివి పోయాయో చెప్పమని మున్సిపాలిటీలో అడిగాను. “నంబరు సొంతదారు రావాలె మేడమ్” అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా.

నిన్న ఆయన గడపలో ఆడవాళ్లు రసీదులు పట్టుకుని కూర్చున్నారు. ఫోన్ మోగింది. చదువు రాని ఆయన భార్య దాన్ని ముందున్న ముసలామెకు అందించింది.

“నీదేమో సూడు, వదినా.”

స్పీకర్లో రికార్డు గొంతు: “ప్రభుత్వ పనితీరుతో మీరు సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి.”

ముసలామె కొంగు తల మీదికి లాక్కుని, ఫోన్ను రెండు చేతులా పట్టుకుంది.

“నేనే సారూ. ఇల్లు లేదు సారూ. పెట్టెయ్యకుండ్రి సారూ.”