చీపురుపల్లి దారిలో రంగం స్టేషన్

పెళ్లిళ్లకీ సభలకీ మైకుసెట్లు నడపడం నా పని. గజపతినగరంలో మా అక్క భర్తకి చిన్న టెంటుహౌసు ఉంది. సామాను ఆయనది, వ్యాను ఆయనది, డ్రైవింగూ ఆయనదే. వైర్లు కలిపి సౌండు బాక్సులు మోగించడం నా వంతు. బావ ఎంత బరువైనా ఎత్తుతాడు, ఎంత దూరమైనా నడుపుతాడు. కాకపోతే పాట వినపడకపోతే స్టీరింగు దగ్గరే కళ్లు మూతలు పడిపోతాయి ఆయనకి.

నాలుగేళ్ల కిందట, చలికాలంలో, ఎచ్చెర్లలో ఒక సభ ముగించుకుని ఇంటికి బయల్దేరాం. అప్పుడే చీకటి పడింది. హైవే దిగి లావేరు దారి పట్టాక చూసుకుంటే పాటల పెన్‌డ్రైవు లేదు. సభ దగ్గరే మరిచిపోయి వచ్చేశాను.

“సంపేసినావురా,” అన్నాడు బావ. “ఇప్పుడు నాను నిద్రోతే ఏటి సేస్తావు?”

ఆ వ్యాను ఆయన కొనేటప్పటికే చాలా పాతది. అందులో గుండ్రటి మీట తిప్పే రేడియో ఉండేది. ఎఫ్ఎమ్‌లో ఆ దారిలో గరగర తప్ప ఏమీ లేదు. పక్కనే ఏఎమ్ అని ఒక బొత్తం కనపడింది. ఎన్నేళ్లుగానో ఎవరూ నొక్కినట్టు లేదు, బిగుసుకుపోయి ఉంది. బొటనవేలితో గట్టిగా నొక్కాను.

ముందు ఒరియా వార్తలు వచ్చాయి. మాకు ఒరియా కొత్తేం కాదు. ఇంకొంచెం తిప్పితే బెంగాలీ. ఇంకొంచెం తిప్పితే ఎవరో అరవంలో గబగబా మాట్లాడుతున్నాడు, మధ్యలో ఒకావిడ నవ్వుతోంది. ఆ గొంతులు మెల్లగా దగ్గరికొచ్చి, దూరం పోయి, మళ్లీ దగ్గరికొస్తున్నాయి. నేను మీట మీంచి చెయ్యి తియ్యలేదు.

రాత్రిపూట ఆ తరంగాలు పైకి పోయి, ఆకాశంలో ఒక పొరకి తగిలి, వందల మైళ్ల అవతల కిందికి దిగుతాయని డిప్లమాలో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ దిగడం నా చెవులతో వినడం అదే మొదటిసారి. బావకి చెబితే ఆయన తల బయటికి పెట్టి ఆకాశంలోకి చూశాడు.

“ఓర్నాయనో! అయితే ఈ అరవపోడు మన నెత్తి మీంచి దిగుతన్నాడేటి?”

“నువ్వు ముందు రోడ్డు చూడు బావా!”

ఆరు వందల అంకెకి కాస్త ఇవతల ఒక భాష దొరికింది. చిన్న చిన్న మాటలు, ఒక్కో మాటా పైకి లేచి కిందికి దిగుతోంది. ఒకాయన నింపాదిగా ఏదో చదువుతున్నాడు. నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. బావ చైనా అన్నాడు, నేను థాయ్‌లాండ్ అన్నాను. చీపురుపల్లి వచ్చేదాకా పోట్లాడుకున్నాం. బావకి నిద్ర మాట గుర్తే రాలేదు.

చీపురుపల్లి స్టేషను వెనక వీధిలో బావ పిన్ని ఒక్కతే ఉంటుంది. నాకు అత్త వరస. ఆవిడ బర్మాలో పుట్టింది. మా వైపు ఆ దేశాన్ని పాతవాళ్లు ఇప్పటికీ రంగం అంటారు. ఒకప్పుడు ఇక్కణ్ణుంచి జనం ఓడలెక్కి అక్కడికి పనులకు పోయేవారు. తర్వాత అక్కడ ఉండలేక ఓడల్లోనే తిరిగొచ్చారు. అత్త అలా పదకొండేళ్ల పిల్లగా విశాఖలో దిగింది. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఈ సంగతంతా మాకు తెలుసు. తెలిసి కూడా, ఆ భాష బర్మావాళ్లది కావచ్చన్న ఆలోచన మాకు మర్నాడు పొద్దున టీ తాగుతుంటే వచ్చింది. ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. బావ గ్లాసు అక్కడే పెట్టేసి లేచాడు.

ఆ వారంలోనే ఆ స్టేషను మళ్లీ పట్టుకుని ఫోనులో రికార్డు చేసి అత్తకి వినిపించాం. ఆవిడ ఫోను చెవికి ఆనించి, మొహం చిట్లించింది.

“ఇదేటిరా, మూకుట్లో నూని మరిగినట్టున్నాది. మనిసి మాటలేవి?”

“అయితే నువ్వే వచ్చి విను పిన్నీ,” అన్నాడు బావ. “ఎల్లుండి లావేరులో సామాను దించాలి. ఎనక్కొచ్చినప్పుడు వినిపిస్తాను.”

ఆవిడ రానంటుందని నేను అనుకున్నాను. ఆ రోజు మేం వెళ్లేసరికి ఉన్ని శాలువా కప్పుకుని గుమ్మంలో సిద్ధంగా నిలబడి ఉంది.

లావేరులో సామాను దించి వెనక్కి వస్తూ, ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. అత్త మధ్యలో. ఊళ్ల దగ్గర రేడియోలో కరెంటు తీగల మోత తప్ప ఏమీ వినపడలేదు. ఊరు దాటాక వ్యాను ఇంజను రొద రేడియోకి అడ్డొచ్చింది. చివరికి రెండు వైపులా జీడితోటలున్న చోట, కరెంటు స్తంభాలు రోడ్డుకి దూరంగా పోయిన దగ్గర బావ వ్యాను పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. అయినా జుంయ్‌మని ఒకటే మోత. చూస్తే బావ ఫోను ఛార్జరు! దాన్ని పీకేశాను. గది తలుపు మూసినట్టు మోత ఆగిపోయింది. రేడియోలోంచి ఆ నింపాది గొంతు తేటగా బయటికొచ్చింది.

అత్త రేడియో వైపు కొద్దిగా వంగింది. బర్మా కాకపోతే చలిలో ముసలావిణ్ణి అనవసరంగా తెచ్చినట్టే.

“కో నాయీ,” అంది అత్త నెమ్మదిగా. తర్వాత నా తొడ మీద ఒక్క దెబ్బ వేసింది. “కో నాయీ అంటన్నాడురా! తొమ్మిది గంటలంట!”

బావ వాచీ చూసుకున్నాడు. “ఎనిమిదే కదే పిన్నీ?”

“ఇక్కడ ఎనిమిదిరా, అక్కడ తొమ్మిది! మా దేశంలో పొద్దు ముందు పొడుస్తాది కాదేటి!”

మా దేశం అంది. ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

తర్వాత ఆ గొంతు ఊళ్ల పేర్లు చదవసాగింది. వాన సంగతి చెప్తున్నాడంది అత్త. ఉన్నట్టుండి రెండు చేతులూ గాల్లోకి లేపింది. “మౌల్మీన్! మౌల్మీన్ అన్నాడు, ఇన్నారేటి? ఓలమ్మో, మా ఊరురా! నాను పుట్టిన ఊరు!”

మేం నిజానికి ఆ పేరు పట్టుకోలేదు. అయినా ఇద్దరం విన్నాం విన్నాం అని అరిచాం. బావ హారన్ రెండుసార్లు మోగించాడు, ఎందుకో ఆయనకే తెలీదు. అత్త ఒక పక్క నవ్వుతూనే శాలువా కొంగుతో కళ్లు తుడుచుకుంది. నది ఒడ్డున వాళ్ల ఇల్లు, వాళ్ల నాన్న పనిచేసిన రంపపు మిల్లు, వీధిలో కొబ్బరిపాలు పోసి అమ్మే నూడుల్సు, ఒకటి చెప్తుంటే ఇంకొకటి గుర్తొచ్చి, ఏదీ పూర్తి కాకుండా చీపురుపల్లి వచ్చేసింది.

దిగుతూ అంది, “మా ఈదిలో మా ఓడలో వచ్చినోల్లు ఇంకా నలుగురున్నారు. ఆల్లకీ ఇనిపించాలి.”

“ముందు సీట్లో ఐదుగురు పట్టరు పిన్నీ,” అన్నాడు బావ.

“ఎనకాల కుర్సీలెయ్యి. టెంటుహౌసు కాదేటి నీది?”

బావ, నేను మొహాలు చూసుకున్నాం. నిజమే, కుర్చీలే కాదు, మా దగ్గర బాక్సులు కూడా ఉన్నాయి!

ఆ తర్వాతి వారం పని లేని ఒక సాయంత్రం, ముగ్గురు ముసలమ్మల్నీ ఒక తాతనీ అత్తనీ ఎక్కించుకుని అదే జీడితోటల దగ్గరికి వెళ్లాం. తోట రైతు బావకి తెలిసినవాడే. ఖాళీ చోట ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశాం. జనరేటరు పెడితే రేడియోకి మోత కాబట్టి, ఆటో ప్రచారాలకి వాడే బ్యాటరీ ఆంప్లిఫయర్ తెచ్చాను. లైట్లు కట్టే పొడుగాటి వైరుకి రాయి కట్టి జీడిచెట్టు మీదికి విసిరి, రెండో కొస రేడియో ఏరియల్‌కి చుట్టాను. రేడియో స్పీకరు తీగ విప్పి ఆంప్లిఫయర్‌కి కలిపాను. ఎన్ని పెళ్లిళ్లకి సౌండు పెట్టానో లెక్క లేదు. ఏ పెళ్లికీ ఒక్కో వైరునీ ఇలా రెండేసి సార్లు చూసుకోలేదు.

మీట తిప్పాను. బాక్సులోంచి ఆ గొంతు తోటంతా వినపడేలా పలికింది.

“మింగలాబా!” అన్నాడు తాత లేచి నిలబడి, బాక్సుకి చెయ్యెత్తి నమస్కారం పెడుతూ. ఆ దేశపు పలకరింపు అది. ముసలమ్మలు పకపకా నవ్వారు. అంతలో ఆయన కూడా నవ్వేశాడు.

వార్తల్లో సగం మాటలు వాళ్లకి కొత్తవి. అరవై ఏళ్లలో భాష ముందుకు పోయింది, వీళ్లు పిల్లలప్పటి మాటల దగ్గరే ఉన్నారు. ఒకామె వరద అంటే ఇంకొకామె కాదు పండగ అంది. తాత ఇద్దర్నీ కసిరాడు. ఒక పాట మొదలయ్యేసరికి ఆ పోట్లాట ఆగింది. అది తెలిసిన పాటో కాదో నేను అడగలేదు. అత్త చేతివేళ్లు కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నాయి.

గంట దాటాక బ్యాటరీ అయిపోయింది. బాక్సు టక్కుమని ఆగింది. ఇక బయల్దేరతారని నేను వైర్లు చుట్టడం మొదలుపెట్టాను. కానీ ఎవరూ లేవలేదు. తాత అత్తని ఏదో అడిగాడు, తెలుగులో కాదు. అత్త తడుముకుంటూ, ఆగుతూ, అదే భాషలో జవాబు చెప్పింది. ఇంకో ముసలమ్మ అందుకుంది. మరిచిపోయిన మాట ఒకరికి దొరక్కపోతే ఇంకొకరు అందిస్తున్నారు. దొరికినప్పుడల్లా చప్పట్లు కొట్టి నవ్వుతున్నారు.

“ఏటంటన్నారు?” అన్నాడు బావ నా చెవిలో.

“నాకేం తెలుసు!”

“తెలకపోయినా బాగున్నాది కదరా,” అన్నాడు బావ. ఇద్దరం చెరో కుర్చీ తెచ్చుకుని వాళ్ల పక్కనే కూర్చున్నాం.