షెర్మన్ ట్యాంకుకు అడ్డొచ్చిన పంట చేను

కంకిపాడు చుట్టుపక్కల ఏళ్ల తరబడి వరికోత మిషను నడిపిన తిరుపతిరావు గారు, మోకాళ్లు మొరాయించాక ఆ మిషను అమ్మేసి, ఇంట్లో కుర్చీలో కూర్చుని అమెరికా యుద్ధ ట్యాంకు నడపడం మొదలుపెట్టారు. ట్యాంకు కంప్యూటర్ గేములోది. పేరు షెర్మన్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు వేలకు వేలు తయారుచేసి, మిత్రదేశాలకు పప్పుబెల్లాల్లా పంచిన బండి. గేము చేసినవాళ్లు దాని ఇనుప పట్టాలు, వాటిలో ఇరుక్కునే బురద, వెనకనుంచి వచ్చే పొగ అచ్చుగుద్దినట్టు దించారు. ఆ పట్టాలు చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తన కోత మిషనుకూ అలాంటివే ఉండేవి మరి.

దసరాకు మానిటరుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. కుర్చీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఆయన భార్య రావమ్మ గారు బుగ్గలు నొక్కుకున్నారు.

"ఆ ట్యాంకులో ఎంతమంది ఉంటారండీ?"

"అయిదుగురు."

"మరి వాళ్ల భోజనాలో?"

"డబ్బాల్లో వస్తాయిలేవే" అన్నారాయన, కాస్త ఇబ్బందిగా.

ఆయన తమ్ముడి కూతురు కీర్తన బెజవాడలో బ్యాంకు ఉద్యోగి. గేములో ఓ జట్టుకు నాయకురాలు. పెదనాన్నను జట్టులో చేర్చుకున్నదీ ఆమే, ఆనక తల పట్టుకున్నదీ ఆమే. ఆయన గురి మంచిదే. కానీ పంట చేలోకి మాత్రం బండి దింపరు. యుద్ధభూమిలో పొలం కనబడితే చాలు, గట్టు వెంబడి చుట్టూ తిరిగి వెళ్తారు. ఈలోగా అవతల తన జట్టు కాస్తా బూడిదవుతుంది.

"పెదనాన్నా, అది బొమ్మ పొలం" అంది కీర్తన ఫోన్లో.

"బొమ్మదైనా ఎవరో వేసిందేగా అమ్మా. నిలువు చేను తొక్కాలంటే నాకు చేతులాడవు."

"ఆదివారం పోటీలో కూడా ఇలాగే చేస్తే మీ సీటు బయట కాచుకున్న సాయిగణేష్‌కి ఇచ్చేయమంటున్నారు మనోళ్లు. ఇంక నేను ఆపలేను."

ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. కోత మిషను అమ్మిన రోజు ఎంత దిగులేసిందో, మళ్లీ అంత దిగులేసింది. ఈ బండీ దిగిపొమ్మంటే ఇక ఏ బండి ఎక్కాలి?

ఆదివారం మధ్యాహ్నం పోటీ మొదలైంది. రావమ్మ గారు వెనక చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. కాసేపటికే ఇరువైపులా ట్యాంకులు దాదాపు అన్నీ తగలబడిపోయాయి. శత్రువుల్లో ఒక్కటి మిగిలింది. అది వంతెన దగ్గర కీర్తన ట్యాంకును చావబాదుతోంది. దాని వీపు తిరుపతిరావు గారి వైపే ఉంది. మధ్యలో ఏపుగా ఒక చేను. చుట్టూ తిరిగితే కీర్తన దక్కదు.

"పెదనాన్నా, అడ్డంగా వచ్చేయండి" అంది హెడ్‌ఫోన్లోంచి.

షెర్మన్ గట్టు మీద ఆగిపోయింది. ఆయన వేలు మీట మీదే ఉంది. సీటు పోతుందని తెలుసు. అయినా వేలు కదలదే.

రావమ్మ గారు గిన్నె పక్కన పెట్టి, కళ్లద్దాలు తగిలించుకుని, తెరమీదకి వంగారు.

"ఏం పంటండీ ఇది?"

"గోధుమేమో."

"కంకేదీ మరి? నడుమెత్తు పెరిగింది, ఒక్క గింజ లేదు. వట్టి గడ్డండీ అది. పోనీయండి."

ఆయన కళ్లు చిట్లించి చూశారు. నిజమే. ట్యాంకుకు బోల్టు బోల్టూ దించిన మహానుభావులు గోధుమకు గింజ పెట్టడం మరిచారు. ఇన్నాళ్లూ గడ్డికా నేను ప్రదక్షిణాలు చేసింది అని ఆయనకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే షెర్మన్‌ను చేలోకి దించి, అడ్డంగా దున్నుకుంటూ పోయి, శత్రువుకు వీపు మీద ఒక్కటిచ్చారు. అది భగ్గున పేలింది.

"మీ సీటు మీదే పెదనాన్నా" అంది కీర్తన.

రావమ్మ గారు మాత్రం ఇంకా తెర వదల్లేదు. "వాడు పోతే పోయాడు గానీ, పక్కన ఎవరిదో గడ్డివాము అంటుకుందండీ. పాపం, గొడ్లకేం వేస్తారు?"

జట్టంతా కేరింతలు కొడుతుంటే, తిరుపతిరావు గారు కీబోర్డు మీద నీళ్లు చల్లే మీట ఎక్కడుందో వెతుకుతున్నారు.