పెళ్ళి ఫోటోకు ఒక మేకు

సొంతిల్లు మా గుమ్మం దాకా వచ్చి, ఉప్మా తిని, కాఫీ తాగి, చక్కా పక్క వాటాలోకి వెళ్ళిపోయింది! ఎలాగంటారా? చెబుతాను. ముందు టీ తాగేయండి, మధ్యలో నవ్వొస్తే చీర మీద ఒలుకుతుంది.

తార్నాకలో మాది ఒక్క గది, ముందు వంటకు చిన్న వసారా. అందులో మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అత్తయ్య. మావారు యూనివర్సిటీ ఆఫీసులో టైపిస్టు. బెజవాడ నుంచి కాపురానికి వస్తూ మా పెళ్ళి ఫోటోకి ఫ్రేము కట్టించి మరీ తెచ్చుకున్నాను. దిగిన రోజే ఇంటాయన చెప్పేశాడు, "గోడకు చీల కొడితే ఊకోనమ్మా, సున్నమంత రాలుతది" అని. చీల అంటే మన మేకే. అంతే, ఫోటో పెట్టెలోకి వెళ్ళింది. పండక్కీ పబ్బానికీ తీసి, తుడిచి, మళ్ళీ పాత చీరలో చుట్టేస్తాను.

నాకేం మేడలు అక్కర్లేదండీ. ఎవర్నీ అడక్కుండా ఒక్క మేకు కొట్టుకునే గోడ చాలు. సాయంత్రం పిల్లల్ని తీసుకుని కేంపస్‌లోకి షికారు వెళితే, ప్రొఫెసర్ల క్వార్టర్ల ముందు నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. కిటికీలోంచి దీపం, గోడ మీద ఏదో పటం, ఎంతసేపు చూస్తానో నాకే తెలీదు. "అమ్మా, మనకి తెలిసిన వాళ్ళా?" అంటుంది మా పెద్దది. పద, చీకటి పడుతోంది అంటాను.

అలాంటి సమయంలో మునిసిపాలిటీ వాళ్ళు రామంతాపూర్ వైపు చిన్న చిన్న ఇళ్ళు కట్టిస్తున్నారనీ, తక్కువ జీతాల వాళ్ళకు సర్కారు సాయంతో ఇస్తారనీ తెలిసింది. మావారు మాకొక అప్లికేషను, పక్క వాటా వాళ్ళకొకటి టైపు చేసి ఇచ్చొచ్చారు. పక్క వాటాలో ఉండేది యాదమ్మ, వాళ్ళాయన మల్లయ్య. జనగామ వైపు వాళ్ళు. అతను కేంపస్ లైబ్రరీలో అటెండరు. యాదమ్మకు నేనంటే ప్రాణం.

"గురువారం ఇన్‌స్పెక్టరు వస్తాడట, ఇల్లు చూసి వెళతాడట" అన్నారొక రోజు మావారు, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ. అంతే, సైకిలెక్కి పోయారు. చూసేది ఎందుకో చెప్పొద్దూ ఆ మనిషి! నాకు తెలిసిందల్లా ఒకటే. పెద్దమనిషి ఇంటికొస్తే మన లేమి కనబడకూడదు. కూర్చోడానికి కుర్చీ ఉండాలి, కప్పు కింద సాసరుండాలి. మా అమ్మ అలాగే పెంచింది మరి.

గురువారం పొద్దున్నే పక్కింటికి పరిగెత్తాను.

"యాదమ్మా, మీ కుర్చీలు ఒక్క పూటకిస్తావా?"

"ఏందక్కా, గట్ల అడుగుతవ్? తీస్కపో. బల్ల గుడ తీస్కపో."

బల్లొచ్చాక దాని మీదకు గుడ్డ కావాలి కదా! గుడ్డొచ్చాక గడియారం. మిలిటరీలో ఉన్న యాదమ్మ మరిది ఇచ్చిన ట్రాన్సిస్టరు. తల్లిగారు పెట్టిన ఇత్తడి బిందెలు. కప్పులు, గ్లాసులు, చివరికి కిటికీ పరదా! అన్నీ యాదమ్మే మోసుకొచ్చి, యాదమ్మే సర్దింది. "సారు ఖుష్ అయితడు చూడు" అని మురిసిపోయింది. వాన కురిసే మూల మరకలు కనబడకుండా బిందెలు పేర్చాం. అయిదుగురుంటే గది ఇరుగ్గా ఉంటుందని, పిల్లల్ని బడి మానిపించి, పులిహోర కట్టిచ్చి, అత్తయ్యతో పాటు కేంపస్‌లోకి తోలేశాను. నా తెలివి చూశారా!

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నెమ్మదస్తుడు. కుర్చీలో కూర్చుని ఉప్మా తిన్నాడు.

"ఎంతమంది ఉంటరమ్మా?"

"అయిదుగురం అండీ."

చుట్టూ చూశాడు. "అయిదుగురు ఉన్నట్టే లేదు. మస్తుగ పెట్టుకున్నరు."

నేను పొంగిపోయాను.

"వాన పడితే కురుస్తదా?"

"అబ్బెబ్బే! ఒక్క చుక్క పడదండీ!"

"గాలి, వెల్తురు?"

"కావలసినంత!"

"రేడియో గుడ ఉన్నది" అన్నాడు. వినిపించలేదేమో అనుకుని కాస్త సౌండు పెంచాను.

కాఫీ తాగి, ఏదో రాసుకుని లేచాడు. "మల్లయ్య ఇల్లు పక్కనే కదా? అది గుడ ఇయాల్నే చూస్త."

నా ప్రాణం ఉసూరుమంది. అయ్యో, సామానంతా నా దగ్గరే ఉండిపోయిందే, పాపం యాదమ్మ పరువు పోతుందే అని! గోడకు చెవి పెట్టాను.

"సామానేదమ్మా?"

నా గుట్టు ఎక్కడ బయటపడుతుందోనని యాదమ్మ నసిగింది. "లేదు సార్."

"ఏమీ లేదా?"

"చాపున్నది సార్."

"సరే, జర నీళ్ళియ్యమ్మా."

మరుక్షణం యాదమ్మ మా గుమ్మంలో! "అక్కా, ఒక్క గ్లాసియ్యరాదే. సారుకు నీళ్ళియ్యాలె." ఆవిడ గ్లాసే ఆవిడకిచ్చాను. వెనకే వాకిట్లో ఇన్‌స్పెక్టరు నిలబడి, గ్లాసు కూడా లేని ఆ సంసారాన్ని చూస్తున్నాడు. మొహం అదోలా అయిపోయింది పాపం.

సాయంత్రం మావారు రాగానే అంతా వర్ణించి చెప్పాను. ఆయన మంచం మీద కూలబడ్డారు.

"ఏమోయ్, వాళ్ళు ఇల్లిచ్చేది సరైన ఇల్లు లేనివాళ్ళకి. నువ్వు వాళ్ళకి బ్రహ్మాండమైన ఇల్లు చూపించావు!"

అప్పుడు వెలిగింది నాకు. ఏం లాభం! మల్లయ్యకు ఇల్లొచ్చింది. మాకు ఇప్పుడున్న వసతి సరిపోతుందని జవాబొచ్చింది. యాదమ్మ ఏడుస్తూ వచ్చింది, "నేను పోయి చెప్తనక్కా, సామానంత మాదే అని."

"చెబితే నీదీ పోతుంది, నాదీ రాదు. నోరు మూసుకుని పాలు పొంగించుకో" అన్నాను. అనడమైతే అన్నాను గానీ, కుళ్ళుకోలేదంటే అబద్ధం. పొయ్యి ఊదుతూ కాసేపు ఏడ్చాను. అత్తయ్య అడిగితే పొగన్నాను.

మొన్న ఆదివారం వాళ్ళ గృహప్రవేశం. రెండు గదులు, తెల్లగా సున్నం కొట్టిన గోడలు. అందరూ భోజనాల దగ్గరుంటే నేనొక్కదాన్నే గోడ మీద చెయ్యేసుకుని నిలబడ్డాను. చల్లగా, ఎంత బాగుందో! ఆ గది నాదే అయుంటే మంచం ఎటు వేసేదాన్నో, పిల్లలు ఎక్కడ చదువుకునేవాళ్ళో, అన్నీ సర్దేశాను మనసులోనే.

"ఏం జూస్తున్నవక్కా?" అంది యాదమ్మ వెనక నుంచి.

"గోడ."

ఆవిడకు అర్థమైపోయింది. "నీ ఫోటో పెట్టెల ఎందుకే? మా గోడలు ఖాళీగనే ఉన్నయ్. తెప్పియ్యి." వద్దంటే వినదే! మావారు సైకిలేసుకుని తార్నాక పోయి ఫోటో తెచ్చారు. యాదమ్మ సుత్తి నా చేతికిచ్చింది. "చీల నువ్వే కొట్టాలె." మొదటి దెబ్బ వేలి మీద పడింది. ఇదిగో, ఈ కట్టు అదే. రెండోది గోడకు తగిలింది. సున్నం కాస్త రాలింది. ఎవరూ ఏమీ అనలేదు.

అదండీ సంగతి. మా పెళ్ళి ఫోటో సొంతింట్లో దర్జాగా ఉంటోంది. మేమిద్దరమే ఇంకా అద్దెకుంటున్నాం!