బీమా లేని మంత్రసానితో బేరం

మా నాన్నది గుడివాడలో బట్టల కొట్టు. చీర నచ్చినా నచ్చనట్టు మొహం పెట్టడం, ధర కుదరకపోతే లేచి చెప్పులేసుకోవడం, మెట్లు దిగేలోపు వెనక నుంచి "రండమ్మా, రండి" అని పిలుపు రావడం... ఇదంతా గల్లాపెట్టె పక్కన కూర్చుని నేర్చిన చదువు. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో కూడా చెల్లుతుందనుకున్నాను.

మా ఆయన వైటూకే పని మీద, అంటే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయించకుండా సరిచేసే పని మీద, సిడ్నీ వచ్చిన కంప్యూటర్ మనిషి. ఆ హడావుడి అయ్యాక కూడా కాంట్రాక్టులు దొరుకుతూ ఉండడంతో ఉండిపోయాం. మా పెద్దది ఇక్కడి ఆసుపత్రిలోనే పుట్టింది. డ్యూటీ మారినప్పుడల్లా ఓ కొత్త మొహం వచ్చి, నా పేరడిగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమనేది. చివరికి బిడ్డను పట్టుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడనే లేదు. అందుకే రెండోసారి ఒక్కటే కోరుకున్నాను. మొదటి నొప్పి నుంచి బిడ్డ ఏడ్చేదాకా ఒకే మనిషి నా దగ్గరుండాలి.

అలా వెతికితే దొరికింది, ఇంటికొచ్చి పురుడు పోసే మిడ్‌వైఫ్. ఎవరి కిందా కాకుండా సొంతంగా పనిచేసే మనిషి. ఆవిడ ఫీజులో పెద్ద భాగం తామే ఇస్తామని మేం నెలనెలా డబ్బు కట్టే ప్రైవేటు హెల్త్ ఫండు వాళ్ళు అన్నారు. ఆ మాట ఒకటికి రెండుసార్లు అనిపించుకున్నాను కూడా.

ఎనిమిదో నెలలో ఫండు నుంచి ఫోనొచ్చింది. పురిట్లో ఏదన్నా జరిగితే పరిహారం కట్టడానికి ఇలాంటి మిడ్‌వైఫ్‌లకు ఇచ్చే బీమాను బీమా కంపెనీ ఎత్తేసిందట. బీమా లేని మనిషి పోసే పురుటికి ఫండు డబ్బివ్వదట.

"మీరు ముందే ఒప్పుకున్నారు కదా?" అన్నాను.

"అవునండీ, అప్పుడు ఆవిడకి బీమా ఉంది" అంది ఆ అమ్మాయి, ఎంతో మర్యాదగా. అంత మర్యాదస్తులతో బేరం సాగదు.

మా ఆయన బెంబేలెత్తిపోయారు. "ఇన్సూరెన్స్ లేని కారే ఎక్కం, ఇదెందుకొచ్చిన రిస్క్? హాస్పిటల్‌కే పోదాం."

"కనేది మీరా, నేనా?"

నా లెక్క వేరు. ఆవిడకి బీమా పోయింది, ఫండు వెనక్కి తగ్గింది, గిరాకీ పడిపోయి ఉంటుంది. ధర దిగడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదు. ఆ ధీమాతోనే మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్ళాను. మా ఆయన కారులోనే కూర్చున్నారు.

టీ చల్లారకముందే ఆవిడే అంది, "ఫండు ఇవ్వదని తెలుసు. నీకు వీలైనంత ఇవ్వు, చాలు."

బేరమాడకుండా ధర దిగితే మా ఇంట్లో దాన్ని ఓటమి కిందే లెక్కేస్తారు.

"ఒక్క షరతు" అంది ఆవిడ. "ఆసుపత్రిలో కూడా నీ పేరు రాయించి ఉంచుదాం. నేను పద అంటే లేవాలి. ఎందుకు, ఏమిటి, కాసేపాగుదాం అనకూడదు. ఇప్పుడు ఏదన్నా అయితే నా వెనక ఎవరూ లేరు. ఈ ఇల్లు పోతుంది. అంతకు ముందే నువ్వో, బిడ్డో పోతారు."

"అరగంట టైమిచ్చి, నన్నో మాట అడిగి..."

"కుదరదు."

"పోనీ, పావుగంట?"

"కుదరదు, లవ్." మనం "అమ్మా" అన్నట్టు ఇక్కడివాళ్ళు "లవ్" అంటారు.

"అయితే వద్దులెండి, హాస్పిటల్‌కే పోతాం" అని లేచాను. నిండు కడుపుతో లేవడం ఎలాగూ ఆలస్యమే, దానికి ఇంకాస్త కలిపాను.

"నో వర్రీస్, లవ్. అక్కడా బాగానే చూసుకుంటారు" అని ఆవిడ తలుపు తీసి పట్టుకుంది.

చెప్పులు నెమ్మదిగా వేసుకున్నాను. నెమ్మదిగా మెట్లు దిగి కారెక్కాను.

"స్టార్ట్ చెయ్యనా?" అన్నారు మా ఆయన.

"ఆగండి, పిలుస్తుంది."

"ఎవరు?"

"ఆవిడే. వద్దని వచ్చేశానుగా."

"వద్దంటే ఎందుకు పిలుస్తుందే?"

తలుపు తెరుచుకుంది. "చూశారా" అన్నాను. ఆవిడ బయటికొచ్చి, ఇంటి పక్క తీగ మీద ఆరేసిన తువ్వాళ్ళు తీసుకుని, మాకు చెయ్యూపి లోపలికి వెళ్ళిపోయింది.

నెలలు నిండుతున్నాయి. బీమా పోయాక నేను ఫోన్ చేసిన మిగతా మిడ్‌వైఫ్‌లంతా పని మానేశామన్నారు. కారు దిగాను. కొట్టుకి తిరిగొచ్చిన గిరాకీని మా నాన్న తలెత్తి కూడా చూసేవాడు కాదు, పైసా తగ్గించేవాడు కాదు. ఇప్పుడు ఆ మెట్లు ఎక్కుతున్నది నేను.

"మీ షరతు ప్రకారమే" అన్నాను, తలుపు తియ్యగానే.

"ఇంతలోనే మనసు మారిందా?"

"మారలేదు. మా ఊళ్ళో లేచి వెళ్తే వెనక్కి పిలుస్తారు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "పురిట్లో నువ్వు వద్దంటే వద్దనే అనుకుంటాను. అప్పుడు నీ మాట తప్ప నాకు ఇంకో ఆధారం ఉండదు. నాతో ఈ ఆట ఆడకు" అంది. షరతు పెంచలేదు, తగ్గించలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. ఆవిడ వచ్చింది, నడుము పట్టింది, అంతా బాగానే ఉందనుకుంటుండగా ఉమ్మనీరు పోయింది. ఆకుపచ్చగా ఉంది, లోపల బిడ్డకి ఇబ్బంది కావచ్చని గుర్తు. ఆవిడ దాన్ని చూసి, కడుపు మీద గొట్టం ఆనించి బిడ్డ గుండె చప్పుడు విని, "పద" అంది.

"కాసేపు" అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మా ఆయన భయంగా నా మొహంలోకి చూశారు. లేచాను. గుమ్మంలో చెప్పుల కోసం కూడా ఆగలేదు.

అక్కడి ఉద్యోగి కాదు కాబట్టి ఆసుపత్రిలో ఆవిడ నా మీద చెయ్యి వేయడానికి లేదు. తోడుగా వచ్చిన మనిషి, అంతే. కొంతసేపటికి డ్యూటీ మారింది. కొత్త మొహం వచ్చి, నా పేరడిగి, మొదటి నుంచి చెప్పమంది. నేను నోరు తెరవకముందే, నా తల దగ్గర కుర్చీలోంచి ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. బిడ్డ ఏడ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు.